విశ్వాసాన్ని దాచుకుంటేనే నాయకత్వమా?

తోట్లవల్లూరు మండలం పామర్రు శాసనసభ నియోజకవర్గంలో భాగం. 2008 నాటి పునర్విభజనలో ఏర్పడిన పామర్రు షెడ్యూల్డ్ కులాలకు రిజర్వు అయిన స్థానం. కృష్ణ ఎడమ గట్టున పసుపు, కంద, అరటి, చెరకు పండించే ఈ గ్రామాల తరఫున శాసనసభలో మాట్లాడవలసినది దళితుడో దళిత మహిళో అని రాజ్యాంగం నిర్దేశించింది. అది పోరాడి సాధించుకున్న హక్కు. అయితే అదే దళితుడు “నేను క్రైస్తవుణ్ణి” అని కాగితం మీద రాసిన మరుక్షణం ఆ స్థానంలో నామినేషన్ వేసే అర్హత కోల్పోతాడు. అతని ఇల్లు మారదు, కూలి మారదు, ఊరు అతణ్ణి పిలిచే పేరు మారదు. మారేది కుల ధృవీకరణ పత్రం ఒక్కటే. డెల్టాలో మాలపల్లెకు, మాదిగగూడేనికి ప్రార్థనామందిరంతో నూట అరవై ఏళ్ల అనుబంధం ఉన్నదని తెలిసినవారికి ఈ నిబంధన ఎంతమందిని తాకుతుందో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ ప్రశ్నను మనం సాధారణంగా ఉద్యోగాల వాటాగా, సీట్ల లెక్కగా చర్చిస్తున్నాం. అది అవసరమైన చర్చే. కానీ ఇందులో మరొక ప్రశ్న ఉంది. తాను ఎవరో బహిరంగంగా చెప్పుకోలేని మనిషి తన ప్రజలకు ఎటువంటి నాయకుడు కాగలడు? ఒక సమాజం తన ప్రతినిధిని ఎంచుకునే తొలి మెట్టు మీదే అతని చేత మౌనవ్రతం పట్టిస్తే, ఆ తరువాత అతని నుంచి నిజాయితీని ఏ ముఖంతో ఆశిస్తుంది? మంచి నాయకుడంటే ఎవరు అనే చర్చకు కృష్ణా డెల్టా క్రైస్తవ చరిత్ర విలువైన ఆధారాలు ఇస్తుంది. ఆ చరిత్రను భక్తి కథగానో మతమార్పిడి కుట్రగానో చదవడం మాని, కులం ప్రశ్నగా చదివితే ఆ ఆధారాలు కనిపిస్తాయి.

1841లో చర్చి మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే ఇద్దరు మచిలీపట్నం చేరుకున్నారు. ఫాక్స్ ఊళ్లు తిరిగి ప్రకటించే పనిని ఎంచుకుని 1848లోనే మరణించాడు. నోబుల్ 1843లో పాఠశాల తెరిచాడు. నేటి నోబుల్ కళాశాలకు మూలం అదే. నోబుల్ ఆలోచన సూటిగా ఉండేది: బ్రాహ్మణులు, ఇతర అగ్రకులాల యువకులు ముందు మారితే వారిని చూసి కింది వారు మారతారు. అందువల్ల ఆ బడిలో అంటరాని కులాల పిల్లలకు చోటు దక్కలేదు. కొన్నేళ్లకు ఒక బ్రాహ్మణ యువకుడు, ఒక వెలమ యువకుడు బాప్తిస్మం పొందగానే పట్టణం గగ్గోలెత్తింది, తల్లిదండ్రులు పిల్లలను బడి మాన్పించారు. నోబుల్ చలించలేదు. 1865లో మరణించేవరకు స్వదేశానికి ఒక్కసారైనా తిరిగి వెళ్లకుండా బందరులోనే ఉండిపోయాడు. ఆయన త్యాగాన్ని శంకించవలసిన పని లేదు. శంకించవలసినది ఆయన లెక్కను. నాయకత్వం పైనుంచి కిందికి ప్రవహిస్తుందని ఆయన నమ్మాడు. కుల వ్యవస్థ నమ్మేదీ సరిగ్గా అదే.

ఆ లెక్కను తలకిందులు చేసినవాడు నేటి నందిగామ ప్రాంతానికి చెందిన రాఘవాపురం మాలవాడ మనిషి, పగోలు వెంకయ్య. విగ్రహాలకు అతీతమైన దేవుడు ఒకడున్నాడన్న మాట అతని చెవిని పడింది. ఏళ్ల తరబడి ఆ దేవుని గురించి అడుగుతూ, వెతుకుతూ 1859లో బెజవాడలో ఉన్న మిషనరీ డార్లింగ్ దగ్గరకు వెళ్లాడు. ఇక్కడ క్రమాన్ని గమనించాలి. మిషనరీ వెంకయ్యను వెతుక్కుంటూ రాలేదు, వెంకయ్యే మిషనరీని వెతుక్కుంటూ వెళ్లాడు. ఆ ఏడాదే అతనితో పాటు అతనివారు బాప్తిస్మం పొందారు. ఆ కబురు చుట్టాల ద్వారా, పెళ్లిళ్ల ద్వారా, కూలి పనుల ద్వారా పల్లె నుంచి పల్లెకు పాకి, కృష్ణా జిల్లా మాలల్లో ఒక సామూహిక ఉద్యమానికి దారి తీసింది. వెంకయ్యకు పదవి లేదు, పట్టా లేదు, జీతం లేదు. అతని మాటను పల్లెలు విన్నది అతను తమలో ఒకడు కనుకనే. బందరు బడి ఏళ్ల కృషితో వేళ్ల మీద లెక్కించదగిన మందిని మార్చగలిగింది. రాఘవాపురంలో మొదలైన కదలిక పల్లెలకు పల్లెలనే కదిలించింది.

ఒంగోలు ప్రాంతంలోనూ ఇదే జరిగింది. తాళ్లకొండపాడుకు చెందిన మాదిగ, తోళ్ల వ్యాపారి యెర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం పొందాడు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌకు తొలి రోజుల్లోనే ఒక పరీక్ష ఎదురైంది. మాదిగలను చేర్చుకోవడం మానితే తాము వస్తామని పైకులాల వారు కొందరు చెప్పారు. క్లౌ మాదిగల పక్షమే నిలిచాడు. 1876-78 నాటి మహా కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకుని ఆకలిగొన్నవారికి పని కల్పించాడు. కూలి కోసం మతం మారారన్న అపవాదు రాకూడదని, కరువు సహాయం సాగినంతకాలం బాప్తిస్మాలను నిలిపివేశాడు. పని ముగిశాక 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. అధికారం చేతిలో ఉన్నవాడు ఎదుటివారి ఆకలిని తన సంఖ్యాబలం పెంచుకోవడానికి వాడుకోకుండా నిగ్రహించుకోవడం నాయకత్వ లక్షణమే. అన్నం పెట్టే చేయి ఓటు కూడా అడిగే మన కాలంలో ఈ నిగ్రహం మరింత గుర్తుంచుకోదగినది.

అయినా మిషనరీ యుగాన్ని స్వర్ణయుగంగా చిత్రించడం పొరపాటు. ఉద్యమాన్ని తెచ్చినవారు వెంకయ్యలు, పేరయ్యలు. దాని మీద అజమాయిషీ మాత్రం బంగళాలదే. పల్లె నాయకులు ఉపదేశకులయ్యారు, బైబిలు స్త్రీలయ్యారు, జీతగాళ్లయ్యారు. నిర్ణయాలు చేసే గదిలోకి ప్రవేశం వారికి చాలాకాలం దొరకలేదు. ఆంగ్లికన్ సంఘంలో ఒక భారతీయుడు బిషప్ కావడానికి 1912 వరకు ఆగవలసి వచ్చింది. ఆ ఏడాది డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తుడైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య తమిళుడు, అగ్రవర్ణాలు చిన్నచూపు చూసిన నాడార్ కుటుంబంలో పుట్టినవాడు. అంతకు మూడేళ్ల ముందే నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చి, తెలుగు నేర్చుకుని, పల్లెల్లో పని మొదలుపెట్టాడు. 1910లో ఎడింబరో మహాసభలో ఆయన పాశ్చాత్య మిషనరీల ముఖం మీదే చెప్పిన మాటల సారం ఇది: మీ త్యాగాలకు కృతజ్ఞులం, కానీ మాకు కావలసింది ఉపకారులు కాదు, సాటి స్నేహితులు. ఆ మాట సభలో చాలామందికి రుచించలేదు.

తరువాత డోర్నకల్ అధ్యక్ష మండలం విస్తరించి కృష్ణా, గోదావరి ప్రాంతాల సంఘాలు కూడా అజరయ్య పరిధిలోకి వచ్చాయి. ఆయన మాల, మాదిగ పల్లెల నుంచే గురువులను తయారుచేశాడు. పరాయి డబ్బు మీద బతికే సంఘానికి పరాయి నాయకత్వమే మిగులుతుందని గ్రహించి, పేద కుటుంబం సైతం పిడికెడు బియ్యమైనా ఇచ్చి తన సంఘాన్ని తానే పోషించుకోవాలని పట్టుబట్టాడు. మాలలూ మాదిగలూ ఒకే బల్ల దగ్గర ప్రభువు భోజనం తీసుకోవాలన్నది ఆయన పెట్టిన కఠినమైన షరతు. అది ఎన్నోచోట్ల ప్రతిఘటన ఎదుర్కొన్నది, ఎన్నోచోట్ల ఓడిపోయింది కూడా. అయినా నాయకుడు తనవారికి వినసొంపుగా లేని మాటను తనవారికే చెప్పాలని ఆయన ఆచరణ నిరూపించింది. బ్రిటిషు ప్రభుత్వం క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇవ్వజూపినప్పుడు, అది మిగతా సమాజం నుంచి తమను వేరు చేసే గోడ అని 1932లో ఆయన వ్యతిరేకించాడు. తన వర్గానికి దక్కే తక్షణ లాభాన్ని కాదనడం ఏ నాయకునికీ సులభం కాదు.

1930లలో అజరయ్యకూ గాంధీకీ మధ్య నడిచిన వివాదం నేటి చట్టాన్ని అర్థం చేసుకోవడానికి తాళంచెవి వంటిది. అంటరానివారికి మత సత్యాలను తూచి ఎంచుకునే శక్తి లేదని, వారి మతమార్పిడి ప్రలోభ ఫలితమని గాంధీ భావించాడు. పల్లె పేదవాడు కూడా ఆలోచించే మనిషేనని, అతని విశ్వాసం అతని సొంతమేనని అజరయ్య వాదించాడు. దళితుని విశ్వాసాన్ని ఎప్పుడూ ఎవరో ఒకరు అనుమానించడమే మన ఆధునిక చరిత్రలో రివాజు. బ్రాహ్మణుడు క్రైస్తవుడైతే అది అన్వేషణ. మాలవాడు క్రైస్తవుడైతే అది రొట్టెముక్క కోసం. రాఘవాపురం వెంకయ్య ఏళ్ల తరబడి చేసిన వెతుకులాటను ఈ రెండో వాక్యంలో ఇమడ్చడం సాధ్యమేనా?

ఆ అనుమానమే చట్టమైంది. 1936 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు భారతీయ క్రైస్తవులను జాబితా నుంచి మినహాయించింది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడవ పేరా హిందూ మతానికి వెలుపలి వారిని దాదాపుగా తోసిపుచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవ, ముస్లిం దళితులు బయటే మిగిలారు. 1985లో సూసై కేసులో, చెప్పులు కుట్టుకు బతికే మద్రాసు మనిషి ప్రభుత్వం ఇచ్చే బంకు తనకెందుకు రాదని అడిగితే, మతం మారిన తరువాతా అదే తీవ్రతతో వివక్ష కొనసాగుతున్నదని రుజువు చూపలేదని సుప్రీంకోర్టు కొట్టివేసింది. 2007లో జస్టిస్ రంగనాథ్ మిశ్రా కమిషన్ మూడవ పేరాను తొలగించాలని సిఫార్సు చేసింది. 2004లో దాఖలైన వ్యాజ్యం ఏళ్ల తరబడి వాయిదాల మీద నడిచింది. 2022 అక్టోబరులో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్‌ను వేశారు. దాని రెండేళ్ల గడువు కూడా పొడిగింపులకు నోచుకున్నది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ తీర్మానం చేసింది.

మన రాష్ట్రంలో మతం మారిన దళితుడు బీసీ-సి. ఆ వర్గానికి దక్కేది ఒక్క శాతం రిజర్వేషన్. 1977 నాటి జీవో 341 కొన్ని ఆర్థిక సహాయ పథకాలను వారికీ వర్తింపజేసింది గాని, రాజకీయ ప్రాతినిధ్యానికి తలుపు తెరవడం రాష్ట్రం చేతిలో లేదు. దీని ఫలితం జనగణనలో కనిపిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971లో జనాభాలో క్రైస్తవులు 4.19 శాతం. 1981లో 2.68 శాతం. 2011 నాటికి 1.34 శాతం. ఈ నలభై ఏళ్లలో డెల్టాలో ప్రార్థనామందిరాలు పెరిగాయో తగ్గాయో కళ్లున్నవారందరికీ తెలుసు. మందిరాలు పెరుగుతుంటే విశ్వాసులు మూడో వంతుకు తగ్గడాన్ని జననాల రేటుతో వివరించలేం. మనుషులు పోలేదు, వారి పేరు కాగితాల నుంచి పోయింది.

పేరు దాచుకోనివారికి ఏమవుతుందో న్యాయస్థానాల రికార్డులు చెబుతాయి. 1967లో కోలారు బంగారు గనుల రిజర్వుడు స్థానం నుంచి గెలిచిన అభ్యర్థి ఎన్నికను, అతడు క్రైస్తవం స్వీకరించాడన్న కారణంగా సుప్రీంకోర్టు రద్దు చేసింది. అతడే 1972లో మళ్లీ గెలిచాడు. హిందూ మతానికి తిరిగివచ్చాడని, కులం అతణ్ణి అంగీకరించిందని 1976లో అదే కోర్టు ఆ ఎన్నికను సమర్థించింది. అంటే ఒక ప్రజాప్రతినిధి అర్హత తేలింది అతని పని మీద కాదు, ప్రార్థన మీద. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, నిజమైన విశ్వాసం లేకుండా రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనన్నది. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, కులం పేరుతో తనను దూషించారన్న ఒక పాస్టర్ ఫిర్యాదులో, అతడు క్రైస్తవుడు కనుక అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని తేల్చింది. తిట్టినవాడు కులం పేరు మరచిపోలేదు. మరచిపోవలసింది తిట్లు తిన్నవాడేనట.

నాయకత్వం మీద ఈ చట్టం చేసే గాయాన్ని ఇక్కడే చూడాలి. పల్లెలో చదువు, మాట, నలుగురినీ కూడగట్టే శక్తి ఉన్నవారిలో చాలామంది సంఘాల్లోనే తయారవుతారు. ఆదివారం బడి, యువజన కూటమి, స్త్రీల సమాజం వారికి తొలి వేదికలు. వీరిలో విశ్వాసాన్ని బాహాటంగా ప్రకటించుకున్నవారికి రిజర్వుడు స్థానం మూసుకుపోతుంది. స్థానిక సంస్థల్లో బీసీ కోటా ఉన్నా, అక్కడ సంఖ్యాబలం గల కులాల మధ్య వాడ మనిషికి అవకాశం ఎంతో ఊహించవచ్చు. ఇక పోటీ చేయగలిగినవారి మెడ మీద ఫిర్యాదు కత్తి వేలాడుతూనే ఉంటుంది. ఏ ప్రత్యర్థి అయినా, సొంత పార్టీలోని ఏ పెద్ద అయినా ఒక ఫొటో, ఒక బాప్తిస్మ రిజిస్టరు పుట చూపి బెదిరించవచ్చు. బెదిరింపుకు లోబడిన ప్రతినిధి లంక భూముల పట్టాల గురించి, శ్మశాన స్థలం గురించి, కూలి రేట్ల గురించి గొంతెత్తగలడా? రిజర్వుడు స్థానాల్లోనూ మనకు తరచుగా పెద్ద కులాల చెప్పుచేతల్లో మెలిగే ప్రతినిధులే ఎందుకు దొరుకుతున్నారన్న ప్రశ్నకు ఇదొక్కటే జవాబు కాదు. కానీ డెల్టాలో దీన్ని విస్మరించిన జవాబు అసంపూర్ణం.

దీనికి రెండు అభ్యంతరాలు ఉన్నాయి. క్రైస్తవంలో కులం లేదు కనుక కులం పేరిట హక్కు అడగరాదన్నది మొదటిది. సిక్కు, బౌద్ధ ధర్మాల్లోనూ సిద్ధాంతరీత్యా కులం లేదు. అయినా వారిలోని దళితులకు హోదా ఇచ్చాం, ఎందుకంటే గ్రంథం ఏం చెప్పినా ఊరు ఏం చేస్తుందో చూశాం. క్రైస్తవుల విషయంలోనూ ఊరినే చూడాలి. రెండో అభ్యంతరం దళితుల నుంచే వస్తుంది, దానికి గౌరవంగా జవాబు చెప్పాలి. కొత్తవారు చేరితే ఉన్న వాటా చీలదా అన్న భయం న్యాయమైనదే. అయితే క్రైస్తవులుగా జీవిస్తూనే ఎస్సీ పత్రంతో ఇప్పటికే జాబితాలో ఉన్నవారు అనేకులు. జనగణన అంకెలు ఆ సంగతినే సూచిస్తున్నాయి. కనుక చేరబోయే భారం ఊహించినంత ఉండదు. 2025లో మన రాష్ట్రం రెల్లి, మాదిగ, మాల ఉపకులాల వర్గాలకు 1, 6.5, 7.5 శాతాలుగా వర్గీకరణ చేసింది. మతంతో నిమిత్తం లేకుండా నిజమైన తలల లెక్క తీస్తే, వర్గీకరణ కూడా మరింత న్యాయంగా నిలుస్తుంది. దాచుకున్న పేర్ల మీద కట్టిన లెక్క ఎవరికీ న్యాయం చేయదు.

చట్టాన్ని ప్రశ్నించే సంఘం అద్దంలో తన ముఖం కూడా చూసుకోవాలి. మాలల చర్చి, మాదిగల చర్చి అని వేరుగా పిలుచుకునే ఊళ్లు మన జిల్లాల్లో ఇంకా ఉన్నాయి. సమాధుల తోటలోనూ గీతలు గీసుకున్నాం. సంఘ ఎన్నికల్లో కులం, ఆస్తుల లీజులు చేసే పని రాజకీయ పార్టీల్లో చేసే పనికి ఏమీ తీసిపోదు. దేశంలోని కథోలిక బిషప్పుల సమాఖ్య 2016లో తమ సంఘంలోనే అస్పృశ్యత ఉన్నదని లిఖితపూర్వకంగా ఒప్పుకున్నది. తెలుగు నేల నుంచి పూల ఆంథోని తొలి దళిత కార్డినల్ కావడానికి 2022 వరకు పట్టింది. దక్షిణ ఇండియా సంఘం 1947లో ఏర్పడితే, దాని తొలి మహిళా బిషప్‌గా ఎగ్గోని పుష్పలలిత నంద్యాలలో అభిషిక్తురాలైంది 2013లో. ఈ సంఘాలను నింపి, పోషించి, పాడి బతికించిన దళిత స్త్రీలకు నిర్ణయాల బల్ల దగ్గర దక్కిన చోటు ఎంత? ఒకే బల్ల అన్న అజరయ్య షరతు ఇంకా నెరవేరని బాకీగానే ఉన్నది. ఆ బాకీ తీర్చని సంఘ పెద్దలకు రాజ్యం అన్యాయాన్ని వేలెత్తి చూపే నైతిక బలం సగమే ఉంటుంది.

నోబుల్, వెంకయ్య, క్లౌ, పేరయ్య, అజరయ్యల చరిత్ర నుంచి మంచి నాయకుని లక్షణాలు కొన్నింటినైనా తేల్చుకోవచ్చు. అతడు పైనుంచి దిగివచ్చినవాడు కానక్కరలేదు, తనవారి మధ్య నిలబడినవాడు కావాలి. ఎదుటివారి ఆకలిని తన బలానికి మెట్టుగా చేసుకోరాదు. ఉపకారం చేసేవాని ముందు కూడా సమానత్వం అడగగలగాలి. తనవారి తప్పును తనవారికే చెప్పగలగాలి. వీటన్నిటికీ ముందు తానెవరో దాచుకోనివాడై ఉండాలి. తక్కిన గుణాలు వ్యక్తి సాధించుకోగలిగినవి. ఈ చివరి దాన్ని మాత్రం, డెల్టా దళిత క్రైస్తవుని విషయంలో, చట్టమే నేరంగా మార్చింది.

కనుక చేయవలసిన పని స్పష్టమే. 1950 ఉత్తర్వులోని మూడవ పేరాను తొలగించి, షెడ్యూల్డ్ కుల గుర్తింపును మతం నుంచి వేరు చేయాలి. రాష్ట్రంలోని పార్టీలు 2023 తీర్మానాన్ని ఎన్నికల ప్రసంగాలకే పరిమితం చేయక, పార్లమెంటులో దాని మీద నిలబడి మాట్లాడాలి. జరగబోయే కులగణనలో కులాన్నీ మతాన్నీ భయం లేకుండా వేర్వేరుగా చెప్పగల వాతావరణం కావాలి. సంఘాలు తమ కమిటీల్లో మాదిగ, రెల్లి, స్త్రీ ప్రాతినిధ్యాన్ని తమంత తాముగా సరిచేసుకోవాలి. పామర్రు వంటి స్థానాల్లో ఓటు అడగవచ్చే ప్రతి అభ్యర్థినీ, అతని మతం ఏదైనా సరే, విద్యార్థులు ఒక ప్రశ్న వేయాలి: నీ నియోజకవర్గంలో తన పేరు దాచుకుని బతుకుతున్న మనిషి కోసం నీవు ఏం చేస్తావు? ఆ ప్రశ్నకు తడబడకుండా జవాబు చెప్పినవారికే నాయకత్వం అడిగే అర్హత.